సీమ నుంచి ఎం.పి.హెచ్. (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చదువుకు అమెరికా చేరేవాళ్లకు

ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం) చేతికి రాగానే అందరి కళ్లూ ఫీజు అంకె మీదికే పోతాయి. ముందు మేజర్ పక్కనున్న ఆరంకెల కోడ్ చూడండి. 51.2201 అయితే మామూలు పబ్లిక్ హెల్త్. అది స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితా) కిందికి రాదు, చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలే. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివేది) 26.1309, బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) 26.1102 అయితే ఇంకో 24 నెలలు అడగొచ్చు. రెండింటికీ డిగ్రీ పేరు ఎం.పి.హెచ్. అనే ఉండొచ్చు, పేరు చూసి మోసపోవద్దు. మార్చుకోవాలనుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే అడ్వైజర్‌ను కదపండి. బి.డి.ఎస్., ఫార్మ్-డి చేసి వెళ్లేవాళ్లకు మరో మాట: ఈ డిగ్రీతో అక్కడ వైద్యం చేసే లైసెన్సు రాదు.

స్టేట్ యూనివర్సిటీ అనగానే మన అనంతపురం ఎస్కేయూ, కడప వైవీయూ మాదిరి సర్కారు ఫీజు అనుకుంటారు. తక్కువ ఫీజు ఆ రాష్ట్రంవాళ్లకే. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఎన్నేళ్లున్నా మామూలుగా బయటి రాష్ట్రం ఫీజే కట్టాలి. దాన్ని తగ్గించేది అసిస్టెంట్‌షిప్, అంటే యూనివర్సిటీలోనే చేసే పని. వారానికి 20 గంటల పని, కొన్నిచోట్ల ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. అక్కడికి చేరాక వెతకడం మొదలుపెడితే సీట్లు అయిపోయి ఉంటాయి.

టీకాల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటి టీకా) రెండు డోసుల కాగితం అడుగుతారు. చిన్నప్పుడు పీహెచ్‌సీలో వేసింది తట్టు టీకానో, తట్టు-రుబెల్లా టీకానో అయి ఉంటుంది, అందులో గవదబిళ్లలకు మందు లేదు. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి ప్రయాణానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి. భుజం మీద బీసీజీ మచ్చ ఉన్నవాళ్లకు క్షయ చర్మపరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించవచ్చు, ఆపైన ఎక్స్-రే తిప్పలు. ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష చేయమని అడగండి, దానికి బీసీజీ అడ్డు రాదు. ఆ పరీక్ష ఎంఎంఆర్ వేసిన రోజే చేయించాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి. మధ్యలో చేయిస్తే ఉన్న క్షయ కూడా కనబడకపోవచ్చు. ఇదంతా చేయకుంటే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లతోనూ (మార్కుల పత్రాలు) ఇదే బాధ: యూనివర్సిటీ సీలు వేసిన కవరును మీరు చింపితే చెల్లదు.

కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో దిగనివ్వరు. దిగినాక ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు తీసుకుని, ఇంటర్నేషనల్ ఆఫీసులో హాజరు వేయించుకోవాలి. మాస్టర్స్‌కు ఫుల్‌టైమ్ అంటే ఎక్కువచోట్ల సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు క్యాంపస్ ఉద్యోగం లెటర్ కావాలి. అది లేకుండా పోతే ఉత్తచేతులతో తిరిగొస్తారు.

అన్నిటికంటే ప్రమాదం ప్రాక్టికమ్‌తో, అంటే కోర్సులో భాగంగా బయట చేసే పనితో. గుర్తింపున్న ఎం.పి.హెచ్.లో కనీసం 42 క్రెడిట్లు, అందులో కౌంటీ ఆరోగ్యశాఖలోనో మరోచోటో చేసే పని ఒక భాగం. అది కోర్సులో తప్పనిసరి కదా అని నేరుగా చేరిపోకండి. క్యాంపస్ బయట పనికి సీపీటీ (చదువులో భాగమైన పనికి ఇచ్చేది) అనుమతి పడిన కొత్త ఐ-20 ముందు చేతికి రావాలి. జీతం లేని పనైనా డీఎస్‌ఓను (ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా పనులు చూసే అధికారి) అడిగాకే. ఒక్కరోజు ముందు చేరినా వీసా హోదాకు దెబ్బ.

బయోస్టాటిస్టిక్స్ అంటే బెదిరేవాళ్లు వెళ్లేలోపే గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కొంచెం పట్టండి. అది ఉచితం. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పేపర్‌కు అనంతపురం ఫ్లోరైడ్ నీళ్లనే తీసుకోండి. మన ప్రమాణంలో గరిష్ఠం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అమెరికా చట్టంలో 4. ఆ తేడా ఎందుకన్నదే మంచి వ్యాసమవుతుంది. ఇంకొకరి వాక్యం మాత్రం కొటేషన్ గుర్తులు, ఆధారం లేకుండా ఎత్తకండి. మన దగ్గర రికార్డు పుస్తకం చూసి రాసినట్టు అక్కడ కుదరదు.

జొన్నపిండి, రాగిపిండి, కారప్పొడి చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి, కస్టమ్స్‌వాళ్లకు తిండి ఉందని చెప్పండి. నాటుకోడి పచ్చడి ఇంట్లోనే తినేసి బయల్దేరండి, మాంసం దొరికితే తీసి పారేస్తారు.