అపార్ట్‌మెంటులో తట్టు పాకుతుందో ఆగుతుందో లెక్క కట్టడం ఎలా

ఎవరికీ రోగనిరోధకత లేని చోట తట్టు సోకిన ఒక్కరి నుంచి 12 మొదలు 18 మందికి ఆ వ్యాధి అంటుకుంటుంది. లెక్కకు 15 అనుకుందాం. ఆ 15 మందిలో 14 మందికి ముందే రక్షణ ఉంటే వైరస్‌కు ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరూ దొరకనప్పుడే వ్యాప్తి క్రమంగా ఆగిపోతుంది. కాబట్టి మీ ప్రాంగణంలోని పిల్లల సంఖ్యను 15తో భాగించండి; రక్షణ లేని పిల్లలు అంతకంటే తక్కువ ఉండాలి.

బెంగళూరు మారతహళ్లిలో 60 మంది పిల్లలున్న అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకుంటే, అక్కడ హద్దు 4. "వేయించేశామండీ" అన్న మాట నమ్మకుండా టీకా కార్డులే అడిగి చూడండి. 9 నుంచి 12 నెలల మధ్య వేసే మొదటి ఎంఆర్ (మీజిల్స్-రుబెల్లా, అంటే తట్టు, రుబెల్లాల టీకా) మోతాదు దాదాపు అందరికీ పడుతుంది గాని, 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన రెండోది, బిడ్డ హిందూపురంలో అమ్మమ్మ దగ్గర, కార్డు బెంగళూరులో ఉన్న రోజుల్లో తరచు తప్పిపోతుంది. 2017 ఫిబ్రవరిలో ఈ నగరంలోనే మొదలైన ఎంఆర్ కార్యక్రమంలో బడిలో వేయించుకున్న మోతాదును కూడా మరవకండి.

రెండు మోతాదులూ పడ్డవారు 48 మంది, ఒకటే పడ్డవారు 8 మంది, అసలు వేయించుకోనివారు నలుగురు అని తేలిందనుకోండి. రెండు మోతాదుల తరువాత నూటికి ముగ్గురికి, తొమ్మిదో నెలలో వేసిన ఒక్క మోతాదు తరువాత నూటికి సుమారు 15 మందికి రక్షణ ఏర్పడదు. ఆ లెక్కన రక్షణ లేనివారు ఏడుగురికి దగ్గరగా ఉంటారు, హద్దు దాటింది. నూటికి 93 మందికి కనీసం ఒక మోతాదు పడిందని సంబరపడే అసోసియేషన్ ఇక్కడే పొరబడుతుంది. మిగిలిన 12 మందికీ రెండేసి మోతాదులు పూర్తయితే ఆ సంఖ్య రెండుకు దిగుతుంది.

ఇది పిల్లలందరూ సమానంగా కలుస్తారనుకుని వేసిన మోటు లెక్క. టీకా పడనివారంతా ఒకే ప్లేస్కూలులోనో, పక్కనే కట్టడం పనికి వచ్చిన కుటుంబాల షెడ్లలోనో ఉంటే సగటు ఎంత బాగున్నా వ్యాధి అక్కడ రగులుతుంది. అందుచేత ఆ చోట్లను విడిగా లెక్కించండి. ఏ రాష్ట్రం వారికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ టీకా ఉచితమని ఆ తల్లులకు చెప్పండి. దద్దురు కనబడడానికి నాలుగు రోజుల ముందే తట్టు ఇతరులకు అంటుకోగలదు గనుక, జబ్బు బయటపడే దాకా ఆగి మొదలుపెడితే ఆలస్యమవుతుంది.