పండగకి కారులో ఊరెళ్తున్నారా? స్పీడుతో పాటు నిదానాన్నీ చూసుకోండి

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి నందిగామ వెళ్తున్నాం. బాబాయి నడుపుతున్నాడు. చిట్యాల దాటాక చూస్తే డివైడర్ పక్క లేన్‌లో 45లో పోతున్నాం. వెనకవాళ్లు లైట్లు కొట్టి కొట్టి, విసుగొచ్చి, ఎడమ వైపు నుంచి దూసుకుపోతున్నారు. "ఎడమ లేన్‌లోకి వచ్చెయ్ బాబాయ్" అంటే, "నేనేం స్పీడుగా పోవట్లేదు కదరా, నిదానమే ప్రధానం" అన్నాడు. అంతలోనే ఒక బస్సు అద్దం నిండా కనిపించి, కీచుమని బ్రేకేసి, మమ్మల్ని రాసుకున్నట్టే పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత బాబాయి సూర్యాపేట దాకా నోరెత్తలేదు.

హైవే మీద ప్రమాదం మీటరు మీది అంకెలో కన్నా, ముందు బండికీ వెనక బండికీ మధ్య ఉన్న తేడాలో ఎక్కువ. మీరు 100లో వస్తున్నారు, ముందు బండి 30లో ఉంది. తేడా 70, అంటే సెకనుకి 19 మీటర్లు. వంద మీటర్ల దూరంలో చూసినా మీ చేతిలో ఉన్నది ఐదు సెకన్లు. ఆ ఐదులో ఒకటి, ముందున్నది కదులుతోందా ఆగిందా అని తేల్చుకోవడానికే పోతుంది.

అందుకే మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 40 కన్నా తక్కువ స్పీడులో పోయే బండ్లకి అనుమతి లేదు. 2023లో స్పీడు పెంచినప్పుడు కుడివైపు రెండు లేన్లకి 100 నుంచి 120, మిగతా రెండింటికి 40 నుంచి 80 అని పెట్టారు. అరవైలో వెళ్లడం తప్పేం కాదు, కుడివైపు వెళ్లడమే తప్పు. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కగానే కథ మారుతుంది. అక్కడ ఆటో, బైకు, గడ్డి ట్రాక్టరు అన్నీ మీతో పాటే. ఔటర్ మీద ఖాళీ రోడ్డుకి అలవాటుపడిన కాలు ఇక్కడే మోసం చేస్తుంది.

జనవరిలో దాళ్వా నాట్ల కోసం దమ్ము చక్రాల ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. పత్తి లోడు ట్రక్కులకి చాలా వాటికి వెనక లైటుండదు, ఉన్నా గోనెసంచుల చాటున పడుతుంది. ట్రాక్టరున్న బంధువులుంటే పండగకి స్వీట్లతో పాటు ఎర్ర రేడియం స్టిక్కర్లు ఒక రోల్ పట్టుకెళ్లండి. నేను పట్టుకెళ్లాను, నవ్వారు, కానీ అంటించుకున్నారు.

తెల్లవారుజామున బయల్దేరితే మంచు తప్పదు. హైబీమ్ వేస్తే మంచే మెరిసి ఇంకా ఏమీ కనపడదు, లోబీమే వెయ్యండి. కనిపించినంత మేరలో ఆపగలిగే స్పీడులోనే నడపండి. 80లో ఉంటే కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 22 మీటర్లు పోతుంది. కదులుతున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయే అలవాటు మానండి. ఆగిందనుకుంటారు, పైగా మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. మరీ దట్టంగా ఉంటే ధాబా లోపలికి తీసుకెళ్లి టీ తాగండి. రోడ్డు అంచున మాత్రం ఆపొద్దు.

టైరు పంక్చరైతే బండిని వీలైనంత ఎడమకి లాగి, అప్పుడు నాలుగు ఇండికేటర్లు వెయ్యండి. ఎర్ర త్రికోణం కనీసం యాభై మీటర్లు వెనక్కి నడిచి పెట్టండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ రెయిలింగ్ అవతల నిలబెట్టండి, కారులో కూర్చోబెట్టొద్దు. నేషనల్ హైవే మీద సాయానికి 1033.

ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజే వేసుకోండి. పంతంగి టోల్ దగ్గర బ్యాలెన్స్ లేదని క్యూలోంచి రివర్స్ తీసేవాళ్లని ప్రతి ఏడూ చూస్తున్నాను. సర్వీసు రోడ్డు దాటిపోయినా అంతే, వెనక్కి రావద్దు. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయి తిరిగి రండి, అరిసెలు ఎక్కడికీ పోవు.