మెయిల్ సర్వర్‌కు రోజూ దానంతటదే బ్యాకప్: స్క్రిప్ట్ ఎలా రాయాలి?

మెయిళ్లు పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని యూజర్‌కు చూపించే డవ్‌కాట్ నడుస్తున్న లినక్స్ సర్వర్‌లో మెయిళ్లు మెయిల్‌డిర్ పద్ధతిలో ఉన్నాయనుకుందాం. అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు.

ముందు ఏమేం దాచాలో రాసుకోండి. చాలామంది మెయిళ్ల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి ఊరుకుంటారు. తీరా డిస్క్ పోయాక మెయిళ్లు ఉంటాయి కానీ ఖాతాలు, పాస్‌వర్డ్‌లు ఉండవు. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ సెట్టింగులు, ఏలియాస్ ఫైలు (ఏ చిరునామా మెయిల్ ఎవరికి వెళ్లాలో చెప్పేది), డీకిమ్ కీలు (పంపే మెయిళ్ల మీద సంతకానికి), సీవ్ ఫిల్టర్లు (వచ్చిన మెయిళ్లను వేరుచేసే నియమాలు) కూడా జాబితాలో చేర్చండి. ఖాతాలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటే, దాన్ని ఫైలుగా తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో వాటినీ తీయాలి.

స్క్రిప్ట్‌ను మెయిల్ సర్వర్ మీద పెట్టకండి. బ్యాకప్ మెషిన్ మీదే పెట్టి, అక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (సురక్షిత రిమోట్ లాగిన్) ద్వారా ఫైళ్లు లాక్కోండి. సర్వర్ హ్యాకర్ చేతిలో పడినా, అక్కడి నుంచి బ్యాకప్‌ను చెరిపే దారి ఉండదు.

కాపీ చేసే పని, మారిన ఫైళ్లను మాత్రమే తెచ్చే ఆర్‌సింక్ ప్రోగ్రాముది. రోజూ ఒకే ఫోల్డర్‌లోకి సింక్ చేస్తూ డిలీట్ ఆప్షన్ వాడితే, యూజర్ పొరపాటున తీసేసిన మెయిల్ ఆ రాత్రే బ్యాకప్‌లోంచీ పోతుంది. అందుకే తేదీ పేరుతో రోజుకో కొత్త ఫోల్డర్ చేసి, లింక్‌-డెస్ట్ ఆప్షన్‌కు నిన్నటి ఫోల్డర్ చూపించండి. మారని ఫైళ్లకు హార్డ్ లింకులే (ఉన్న ఫైలుకే ఇంకో పేరు) పడతాయి కాబట్టి డిస్క్ నిండదు. ఏ రోజు ఫోల్డర్ తెరిచినా మొత్తం మెయిల్ కనిపిస్తుంది. కాపీ పూర్తయ్యేదాకా ఫోల్డర్‌కు తాత్కాలిక పేరు ఉంచి, అంతా అయ్యాకే తేదీ పేరు పెట్టండి. సగం కాపీ అయినదాన్ని పూర్తి బ్యాకప్ అనుకునే ప్రమాదం తప్పుతుంది.

ఇక్కడే చాలా స్క్రిప్టులు తడబడతాయి. యూజర్ మెయిల్‌బాక్స్ తెరవగానే కొత్త మెయిల్ ఫైలు న్యూ ఫోల్డర్ నుంచి కర్ ఫోల్డర్‌కు మారుతుంది, చదివాక పేరు చివర ఎస్ అనే గుర్తు చేరుతుంది. సరిగ్గా అప్పుడే ఆర్‌సింక్ పాత పేరుతో వెతికితే ఫైలు దొరకదు, పని ఎలా ముగిసిందో చెప్పే కోడ్‌గా 24 ఇచ్చి ముగుస్తుంది. నడుస్తున్న సర్వర్‌లో ఇది మామూలే. సున్నా (అంతా సవ్యం), 24 కోడ్‌లను ఫర్వాలేదనుకుని, మిగతావన్నీ తప్పుగా లెక్కించేలా రాయండి. జారిపోయిన ఆ మెయిల్ మర్నాటి బ్యాకప్‌లో వస్తుంది.

పాత ఫోల్డర్ల తొలగింపు కొత్త బ్యాకప్ విజయవంతమయ్యాకే జరగాలి. లేకపోతే కాపీ ఆగిపోయినా తొలగింపు సాగుతూనే ఉంటుంది, చివరికి ఏమీ మిగలదు.

ఇక నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్‌లో 30 2 * * * అని సమయమిచ్చి, పక్కన స్క్రిప్ట్ పూర్తి పాత్ రాయండి. రాత్రి రెండున్నరకు నడుస్తుంది. నిన్నటిది ఇంకా నడుస్తుంటే రెండోది మొదలవకుండా తాళం వేసే ఎఫ్‌లాక్ కమాండ్ వాడండి. తేదీ తీసే కమాండ్‌లో % గుర్తు వస్తుంది కాబట్టి దాన్ని స్క్రిప్ట్‌లోనే ఉండనివ్వండి. క్రాన్ వరుసలో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది. బ్యాకప్ ఫెయిలైతే వచ్చే అలర్ట్ ఇదే సర్వర్‌లోని మెయిల్‌కు పంపితే లాభం లేదు. బయటి చిరునామా ఇవ్వండి.

ఇంతా చేశాక, నెలకోసారైనా ఒక యూజర్ మెయిల్‌బాక్స్‌ను వేరే మెషిన్ మీదకు తిరిగి తెచ్చి చూడండి. ఫైళ్ల ఓనర్ సరిగ్గా ఉన్నాడో లేదో చూసుకుని, డవ్‌కాట్ ఇండెక్సులను సరిచేసే డవ్‌అడ్మిన్ ఫోర్స్‌-రీసింక్ నడిపి, లాగిన్ అయి, ఏదైనా పాత మెయిల్‌లోని అటాచ్‌మెంట్ తెరవండి. అది తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.