విరిగిందా, బెణికిందా: లక్షణాన్ని బట్టి కారణం, బద్దకట్టు

విరిగిన ఎముక కొనలు దారిలో కదిలి పక్కనున్న నరాన్నో, రక్తనాళాన్నో, చర్మాన్నో కోయకుండా ఆపడమే ప్రథమ చికిత్సలో వేసే బద్దకట్టు పని. ఎముకను సరిచేయడం ఆసుపత్రిలో జరుగుతుంది. అందువల్ల దెబ్బ ఎక్కడ తగిలినా ముందుగా ఆ చేతి లేదా కాలి వేళ్లను చూడాలి: వెచ్చగా ఉన్నాయా, తాకితే తెలుస్తోందా, కదపగలుగుతున్నారా, గోటిని నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి వస్తోందా అని. గోరింటాకు పండిన గోళ్లలో రంగు తెలియదు కనుక అప్పుడు వేలి కొనలోని మెత్తని భాగాన్ని నొక్కి చూడాలి. ఈ పరీక్ష కట్టుకు ముందు ఒకసారి, కట్టిన వెంటనే మరోసారి, ఆ తరువాత దారి పొడవునా చేస్తూనే ఉండాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసివేయాలి.

వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ఎముక విరగలేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి రావడం, ఆకారం మారడం, ఆ భాగం మీద బరువు మోపలేకపోవడం ఎముక విరిగిందనడానికి నమ్మదగిన గుర్తులు. విరిగిన కొనలు రాసుకునే చప్పుడు వస్తుందేమోనని కదిపి చూడకూడదు. అనుమానం తీరకపోతే విరిగిందనుకునే కట్టు కట్టాలి.

చేయి ఆనించి పడ్డాక మణికట్టు వంకర తిరిగింది

పక్కనుంచి చూస్తే మణికట్టు ఫోర్కు చెంచా వంపులా కనిపిస్తే ముంజేతి బయటి ఎముక కింది కొన విరిగి వెనక్కి జరిగిందని అర్థం. ఎముకలు గుల్లబారిన పెద్దవయసు స్త్రీలలో ఇది తరచుగా కనిపిస్తుంది. అబ్రహాం కాలిస్ అనే ఐరిష్ వైద్యుడు దీనిని 1814లో, అంటే ఎక్స్‌రే పుట్టకముందే వర్ణించాడు కనుక వైద్యులు కాలిస్ ఫ్రాక్చర్ అంటారు. మోచేయి నుంచి వేళ్ల మొదళ్ల వరకు వచ్చే అట్టముక్క గాని, మడిచిన వార్తాపత్రిక గాని తీసుకొని, లోపల తువ్వాలు పరచి, అరచేతిలో చుట్టిన గుడ్డ ఒకటి ఉంచి, విరిగిన చోటుకు పైనా కిందా కట్టి, చున్నీతో మెడకు వేలాడదీస్తే సరిపోతుంది. ముడి విరిగిన చోటు మీద పడకూడదు.

వంకర లేకుండా నొప్పి మాత్రమే ఉంటే, బొటనవేలిని పైకి చాపినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో నొక్కి చూడాలి. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు కనుక వైద్యులు కట్టు వేసి పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని కట్టు విప్పేసుకుంటే రక్తప్రసరణ అందక ఎముక ముక్క చచ్చుబడే ప్రమాదముంది.

గోడ మీదనుంచో చెట్టు మీదనుంచో పడ్డ పిల్లవాడి మోచేయి ఉబ్బింది

ఇంట్లో వైద్యం ఎక్కువ హాని చేసేది ఇక్కడే. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో దండచేతి ఎముక మోచేతికి కాస్త పైన విరగడం సర్వసాధారణం. చేతికి రక్తం తీసుకుపోయే ప్రధాన ధమని, ముఖ్యమైన నరాలు అక్కడే ఎముక ముందు నుంచి పోతాయి. విరిగిన కొన వాటిని పొడవవచ్చు, నొక్కవచ్చు. బెణికిందని నూనె రాసి తోమించడం, సర్దుకుంటుందని లాగడం ఎందుకు తప్పో దీనిని బట్టి తెలుస్తుంది. అలవాటుగా మోచేతిని లంబకోణంలో వంచి మెడకు వేలాడదీయడం కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఉబ్బిన మోచేయిని వంచినకొద్దీ ధమని మరింత నలుగుతుంది. పిల్లవాడు ఏ కోణంలో పెట్టుకున్నాడో అదే కోణంలో, చంక నుంచి అరచేతి వరకు వచ్చేలా అట్టను వంచి, మెత్తగా గుడ్డ పరచి కట్టాలి.

ఆ తరువాత బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి సున్నా చుట్టమనాలి. సున్నా చుట్టలేకపోతే నరం దెబ్బతిన్నదని అనుమానించి ఆ మాట వైద్యుడికి చెప్పాలి. చేయి తెల్లబడి చల్లబడితే, లేదా మణికట్టు దగ్గర నాడి అందకపోతే, ఎముకల శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి క్షణం ఆలస్యం లేకుండా తీసుకుపోవాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి దారిలో తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకూడదు.

రెండు మూడేళ్ల బిడ్డను చేయి పట్టి పైకి లాగిన తరువాత వాపు, వంకర లేకుండా చేయి వాడకుండా వేలాడేసుకుంటే అది వేరే సంగతి. అక్కడ ఎముక విరగదు, కీలు కాస్త జారుతుంది. వైద్యుడు నిమిషంలో సరిచేస్తాడు.

బండి మీదనుంచి పడ్డాక పిక్క దగ్గర గాయం, లోపల ఎముక

కాలి ముందు ఎముక మీద చర్మం తప్ప కండ లేదు కనుక అది విరిగితే చర్మం చీల్చుకొని బయటికి రావడం ఎక్కువ. బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టకూడదు. పసుపు, కాఫీ పొడి వంటివి చల్లకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి, ఎముక మీద కాకుండా గాయం అంచుల మీద ఒత్తి రక్తం ఆపాలి. తరువాత తొడ మధ్య నుంచి పాదం వరకు వచ్చే రెండు బద్దలు ఇరుపక్కలా పెట్టి కట్టాలి. విరిగిన చోటుకు పై కీలు, కింది కీలు రెండూ కదలకుండా ఉండటమే ఏ బద్దకట్టుకైనా సూత్రం. యాంటీబయాటిక్, ధనుర్వాతం సూది ఎంత త్వరగా పడితే అంత మేలు. కేసులకు భయపడి జనం దూరంగా నిలబడుతుంటారు గాని, సాయం చేసినవారికి రక్షణ కల్పించే 134ఎ సెక్షన్ 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది.

చీలమండ వాచింది, నడవవచ్చా?

కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన నియమం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. చీలమండకు ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొనల మీద గాని, వాటి వెనుక అంచున ఆరు సెంటీమీటర్ల మేర గాని నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే, వైద్యుడు చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. మద్యం తాగినవారికి, పాదం తిమ్మిరెక్కినవారికి ఈ పరీక్ష వర్తించదు. కట్టుకు తలగడే చాలు: పాదం, పిక్క కలిపి దానితో చుట్టి, వేళ్లు కనిపించేలా కట్టాలి.

పెద్దవారు స్నానాలగదిలో జారిపడి కాలు ఎత్తలేకపోతున్నారు

కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి దగ్గర విరిగినట్టే. నిలబెట్టే ప్రయత్నం చేయకుండా, కాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టి, దెబ్బ తగిలిన కాలిని బాగున్న కాలితో కలిపి కట్టి, 108కి ఫోన్ చేయాలి. తొడ మధ్యలో విరిగితే బయటికి చుక్క కనబడకుండానే లోపల లీటరు, లీటరున్నర రక్తం పోవచ్చు కనుక ముఖం పాలిపోవడం, చెమటలు పట్టడం గమనిస్తూ ఉండాలి.

కట్టు వేశాక నొప్పి తగ్గకపోగా పెరిగింది

సరైన కట్టు పడితే నొప్పి తగ్గాలి. పెరుగుతోందంటే కట్టు బిగువైనా అయి ఉండాలి, లేదా కండరాల పొరల లోపల వాపు ఒత్తిడి పెరిగి రక్తం అందకుండా పోతూ ఉండాలి. పిక్కలోనూ ముంజేతిలోనూ వచ్చే ఈ రెండో స్థితిలో దెబ్బకు మించిన నొప్పి ఉంటుంది. వేళ్లను మెల్లగా చాపితే అది భరించలేనంత అవుతుంది. నాడి మాత్రం అందుతూనే ఉండవచ్చు. వెంటనే ముడులన్నీ వదులు చేసి, అవయవాన్ని గుండెకు సమాన ఎత్తులోనే ఉంచి ఆసుపత్రికి చేర్చాలి, ఎందుకంటే గంటల వ్యవధిలోనే కండరం చచ్చుబడిపోతుంది. పుత్తూరు కట్టు వంటి సంప్రదాయ కట్ల మీద నమ్మకం ఉన్నవారు కూడా ముందుగా ఎక్స్‌రే తీయించుకోవాలి. వెదురుబద్దలతో కట్టినా, పిండికట్టు వేసినా వేళ్ల పరీక్ష తప్పదు. పిండికట్టుతో ఇంటికి వచ్చిన మొదటి రెండు రోజులు చేతిని లేదా కాలిని తలగడల మీద ఎత్తి ఉంచాలి. అలా ఉంచినా మాత్రలకు లొంగని నొప్పి, తిమ్మిరి, వేళ్లు నీలబడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా వెళ్లి కట్టు చీల్పించుకోవాలి.