ఫైర్‌వాల్‌ను ఆపేయకుండా అడ్డంకిని కనిపెట్టే పద్ధతి

ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. డెస్క్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు. రెండూ ఒకే వైఫైలో ఉంటాయి, ఇంటర్నెట్ చక్కగా వస్తూనే ఉంటుంది. అప్పుడు చాలామంది ఫైర్‌వాల్‌ను (కంప్యూటర్‌కు వచ్చే, పోయే కనెక్షన్లకు కాపలా కాసే ప్రోగ్రామ్‌ను) పూర్తిగా ఆపేసి, ఫోల్డర్ తెరుచుకోగానే దాన్ని అలాగే వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకే హానికర ప్రోగ్రామ్), వాడేవారు ఏ ఫైలూ తెరవకపోయినా, ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న విండోస్ కంప్యూటర్లలోకి నేరుగా చొరబడింది. విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉన్నా, ఎవరికి వారు ఆన్ చేసుకుంటే తప్ప అది పనిచేసేది కాదు. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే అది మొదటినుంచీ ఆన్‌లో ఉండసాగింది.

విండోస్ ఫైర్‌వాల్ బయటికి వెళ్లే కనెక్షన్లను, నిషేధించే రూల్ ఉంటే తప్ప, వెళ్లనిస్తుంది; లోపలికి వచ్చేవాటిని, అనుమతించే రూల్ ఉంటే తప్ప, ఆపేస్తుంది. ఇంటర్నెట్ బాగానే ఉండి షేరింగ్ మాత్రమే ఆగిపోవడానికి కారణం ఇదే. కాబట్టి ముందుగా వెతకవలసింది ల్యాప్‌టాప్‌లో కాదు, ఫోల్డర్ ఉన్న డెస్క్‌టాప్‌లో.

మొదట నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ను సాధారణంగా పబ్లిక్‌గానే లెక్కిస్తుంది, అంటే మీ ఇంటి వైఫైని కూడా రైల్వే స్టేషన్ వైఫైలాగే అనుమానిస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరిచి, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ ఎంచుకోండి. తరువాత విండోస్ సెక్యూరిటీలోని ఫైర్‌వాల్ పేజీ నుంచి అనుమతించిన యాప్‌ల జాబితాకు వెళ్లి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు ప్రైవేట్ గడిలో మాత్రమే టిక్ పెట్టండి.

అప్పటికీ తెరుచుకోకపోతే, తప్పు అసలు ఫైర్‌వాల్‌దేనా అని తేల్చుకోవాలి. రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, ప్రైవేట్ ప్రొఫైల్‌కు మాత్రమే ఫైర్‌వాల్‌ను ఒక్క నిమిషం ఆపి, ఫోల్డర్ తెరిచి చూసి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి. ఆ నిమిషంలోనూ తెరుచుకోకపోతే కారణం వేరే చోట ఉంది: షేరింగ్ పర్మిషన్లో, పాస్‌వర్డో కావచ్చు, లేదా ఒక పరికరం రౌటర్‌లోని గెస్ట్ వైఫైకి (అతిథుల కోసం విడిగా ఉంచే నెట్‌వర్క్‌కు) కలిసి ఉండవచ్చు. పింగ్‌కు (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే చిన్న పరీక్షకు) జవాబు రానంత మాత్రాన అవతలి కంప్యూటర్ అందుబాటులో లేదనుకోకూడదు, పింగ్‌కు వేరే రూల్ ఉంటుంది.

ఇబ్బంది ఫోల్డర్‌తో కాక ఏదైనా గేమ్‌తోనో మీడియా సర్వర్‌తోనో వస్తే, నేను ముందుగా అనుమానించేది పాత నిషేధ రూల్‌ను. ఆ ప్రోగ్రామ్ మొదటిసారి నడిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. తొందరలో క్యాన్సిల్ నొక్కితే, విండోస్ ఆ ప్రోగ్రామ్ పేరిట నిషేధ రూల్స్ రాసి పెట్టుకుంటుంది. అనుమతి రూల్, నిషేధ రూల్ రెండూ ఉన్నచోట నిషేధానిదే పైచేయి కనుక, ఆ తరువాత మీరు ఎన్ని అనుమతులు చేర్చినా ఫలితం ఉండదు. ఫైర్‌వాల్ పేజీలోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ (లోపలికి వచ్చే కనెక్షన్ల రూల్స్) తెరిచి, ఎర్ర గుర్తు ఉన్న వరుసల్లో ఆ ప్రోగ్రామ్ పేరు వెతికి, వాటిని డిజేబుల్ చేసి చూడండి. పని జరిగితే అప్పుడు తొలగించవచ్చు.

అదీ దొరకకపోతే లాగ్ (ఫైర్‌వాల్ ఏం ఆపిందో రాసి ఉంచే ఫైలు) సాయం తీసుకోవాలి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కిటికీలోనే ఫైర్‌వాల్ ప్రాపర్టీస్ తెరిచి, ప్రైవేట్ ట్యాబ్‌లో లాగింగ్ దగ్గర, ఆపేసిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) నమోదు చేయమని ఎంచుకోండి. కనెక్షన్‌కు మళ్లీ ప్రయత్నించి లాగ్ ఫైలు చూస్తే, డ్రాప్ అని ఉన్న వరుసల్లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), పోర్ట్ నంబరు (కనెక్షన్ ఏ సేవ కోసం వచ్చిందో తెలిపే సంఖ్య) కనిపిస్తాయి. ఫైల్ షేరింగ్ అయితే ఆ పోర్ట్ 445.

వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ సెట్టింగ్‌లు కూడా చూడండి, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్ బదులు అదే కాపలా కాస్తూ ఉండవచ్చు. డిఫాల్ట్ సెట్టింగ్‌లకు తిరిగి వెళ్లడం ఆఖరి మార్గం. మీరు స్వయంగా చేర్చుకున్న రూల్స్ అన్నీ దానితో పోతాయి కాబట్టి, అంతకుముందే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కిటికీ యాక్షన్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ పాలసీతో వాటిని ఒక ఫైలులో భద్రపరచుకోండి.