గుల్బర్గా జామా మసీదును మేస్త్రి కంటితో చూడండి

మాది నాందేడ్ జిల్లా దెగ్లూరు. ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. మా ఊరివాళ్లు కర్ణాటకలోని గుల్బర్గా (ఇప్పుడు కలబురగి) పోయినప్పుడల్లా కోటలో జామా మసీదు చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. నాకు మనసొప్పదు. ఈసారి పోతే ఇలా చూడండి.

లోపలికి పోకముందే చుట్టూ ఒక రౌండ్ వేయండి. తూర్పు పడమరలు 216 అడుగులు, ఉత్తర దక్షిణాలు 176. పెద్ద మసీదుల్లో మామూలుగా మధ్యలో సహన్ అని ఖాళీ ఆవరణ వదులుతారు. ఇక్కడ అది లేదు. దాదాపు 38 వేల చదరపు అడుగులూ కప్పేశారు. స్లాబు లేదు, లోపల ఇనుప చువ్వ లేదు. 1367లో, బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా కాలంలో, ఇరాన్‌లోని ఖజ్వీన్‌కు చెందిన రఫీ కట్టిన పని ఇది.

చెప్పులు విడిచి పక్క వసారాలోకి రండి. నమాజు జరుగుతుంటే ఆగండి. ఇక్కడే ఎక్కువసేపు ఉండాలి. ఒక కమాను పక్కన నిలబడి, దాని వంపు ఎక్కడ మొదలైందో మీ భుజంతో పోల్చి చూడండి. అంత వెడల్పు కమాను అంత కిందనుంచే లేస్తుంది. ఎందుకో నాకు ఒక దెబ్బ తిన్నాకే అర్థమైంది. పని నేర్చిన కొత్తలో ఒక ఇంటి గేటుకు కమాను కట్టాను. సన్నటి స్తంభాలు, ఎత్తులో వంపు. సెంట్రింగు విప్పిన రెండో రోజుకే స్తంభాలు చెరో పక్కకు ఒరిగాయి. కమాను బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపు ఎంత ఎత్తులో తగిలితే స్తంభం అంత సులువుగా ఒరుగుతుంది. రఫీ ఆ తోపును నేలకు దగ్గరగా దించాడు. బయటివైపు స్తంభాలు ఎంత లావో చేతులు చాచి కొలవండి.

తర్వాత పడమటి గోడ దగ్గర, మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గూడు) ముందున్న పెద్ద గుమ్మటం కిందికి పోండి. తల పైకెత్తి మూలలు మాత్రం చూడండి. చదరపు గోడల మీద గుండ్రటి గుమ్మటం కూర్చోవడానికి మూలమూలకూ చిన్న కమాను వేశారు. మిగతా నాలుగు పెద్ద గుమ్మటాలు కట్టడం నాలుగు మూలల్లో ఉంటాయి. మధ్యలోవన్నీ చిన్నవి.

తిరుగుదారిలో బీదర్ కోటలో దిగి సోలా ఖంబా మసీదు చూడండి. లావుపాటి గుండ్రటి స్తంభాలు వరసగా ఉంటాయి. రెండు స్తంభాల మధ్య ఎడం అడుగులతో కొలిచి, గుల్బర్గా వసారా వెడల్పుతో పోల్చుకోండి.