జింజర్ లిల్లీ దుంపను లోతుగా పాతకండి

సువాసన పూల మొక్క జింజర్ లిల్లీని మొదటిసారి నాటినప్పుడు నేను చేసిన తప్పు దుంపను లోతుగా పాతడం. జానెడు గొయ్యి తీసి, దుంప వేసి, మట్టిని కాలితో తొక్కాను కూడా. రెండు నెలలైనా మొలక లేదు. ఉండబట్టలేక తవ్వితే సగం దుంప కుళ్లి, మెత్తగా వేళ్లకు అంటుకుంది. బాగున్న ముక్క కోసి, అంగుళం మట్టి మాత్రమే పైన కప్పాను. ఆ ముక్కే ఈరోజు నా ఎత్తు దాటిన గుబురు.

దుంప అచ్చం అల్లం కొమ్ములా ఉంటుంది, అదే కుటుంబం మరి. ముక్కకు రెండు కళ్లైనా (మొలకలొచ్చే బుడిపెలు) ఉండేలా చూసుకుని, కోసిన చోటు ఆరడానికి ఒకరోజు నీడలో ఉంచండి. కళ్లు పైకి ఉండేలా, అడ్డంగా పెట్టండి. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదలాలి. మొదట్లో బోసిగా కనిపిస్తుంది కానీ రెండేళ్లలో పిలకలు ఆ ఖాళీని నింపేస్తాయి.

తెల్లపువ్వుల రకం హిమాలయాల వైపు తడి నేలల్లో, వాగుల పక్కన పెరిగేది. అందుకే పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దొరికే చోటు చూడండి. మిట్ట మధ్యాహ్నపు ఎండకు ఆకు అంచులు మాడిపోతాయి. బాగా చివికిన పశువుల ఎరువు ధారాళంగా కలపండి. యూరియా జోలికి నేను పోను, ఆకులు ఏపుగా వస్తాయి తప్ప పువ్వు రాదు. ఎదిగే కాలంలో మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. చలికాలంలో ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి నీళ్లు తగ్గించండి. మంచు పడే చోట కాడలు చచ్చిపోయినా టెన్షన్ పడక్కర్లేదు, ఎండుటాకులు మందంగా కప్పితే దుంప బతుకుతుంది.

మొదటి ఏడాది పూయకపోతే ఓపిక పట్టండి. పూసే ముందు కాడ చివర పచ్చటి పొలుసులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఒక కంకి వస్తుంది. సాయంత్రమయ్యేసరికి పొలుసుల సందుల్లోంచి సన్నటి గొట్టాలు సాగి, వాటి చివర సీతాకోకచిలుకల్లా పువ్వులు విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక వాసన గుప్పుమంటుంది. ఒక్కో పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది, కానీ అదే కంకి నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి.

ఒక కాడ ఒక్కసారే పూస్తుంది. పూయడం అయిపోయిన కాడను మొదలంటా కోసేయండి, పూయనిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మా ఆయన ఒకసారి తోట శుభ్రం చేస్తానని అన్నిటినీ కొడవలితో నరికేశారు. ఆ ఏడు మాకు ఒక్క పువ్వు లేదు. ఆ మాట ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను.

మూడు నాలుగేళ్లకు గుబురు మధ్యలో దుంపలు ఒకదానిమీదొకటి ఎక్కి పూత తగ్గుతుంది. చలి పోయి మొలకలు కదిలే ముందు తవ్వి విడదీయండి. మిగిలిన ముక్కల్ని మాత్రం కాలవ గట్టున పారేయకండి, చిన్న ముక్క నుంచైనా మళ్లీ మొలుస్తుంది. కాహిలీ అనే పసుపుపచ్చ పువ్వుల రకం న్యూజిలాండ్, హవాయి అడవుల్ని ఇలాగే ఆక్రమించింది. నేనైతే మిగిలిన ముక్కల్ని సిమెంటు గచ్చు మీద వరుగులయ్యేదాకా ఎండబెట్టి, తర్వాతే చెత్తలో వేస్తాను.